అడక్కుండా ఆపిన యుద్ధం

శాసనసభలో ఇరవై తొమ్మిదేళ్ళు నోరు విప్పకుండా కూర్చోవడం అంత తేలికైన పని కాదు. ఎవరో ఒకరు అభిప్రాయం అడుగుతారు, ఎవరో ఒకరు కాలు తొక్కుతారు, ఏమీ లేకపోతే కిటికీ మూయమనైనా చెప్పాల్సి వస్తుంది. ఉభయతీర గణతంత్రంలో లంకలరేవు నుంచి ఆరుసార్లు గెలిచిన తాటిపర్తి సీతాపతిగారు అది సాధించారు. ఆ సంగతి ఆయన దాచుకునేవారు కూడా కాదు. "మాట్లాడేవాళ్ళంతా ఓడిపోతున్నారు, నేను గెలుస్తున్నాను. నా తెలివేం కాదండీ. నాకు లేచి నిలబడితే నాలిక మడత పడుతుంది. దాన్నే జనం హుందాతనం అనుకుంటున్నారు" అని తనమీద తనే నవ్వుకునేవారు.

ఉభయతీర గణతంత్రం అంటే పెద్ద దేశమేం కాదు. మధ్యలో ఒక నది, అటొక ఒడ్డు, ఇటొక ఒడ్డు. దేశం పూర్తి పేరు రాసేటప్పుడు ఉత్తరతీరం ముందు రావాలా, దక్షిణతీరం ముందు రావాలా అన్న విషయం మీద మాటామాటా పెరిగి, అక్కడ నాలుగేళ్ళపాటు అంతర్యుద్ధం జరిగింది. ఉత్తరం వాళ్ళు విడిపోయి వేరే సభ పెట్టుకున్నారు. రెండు ఒడ్లా ఊళ్ళు తగలబడ్డాయి. ఎనిమిది నెలల కిందట దక్షిణతీరం అధ్యక్షుడు రుద్రయ్య ఉన్నట్టుండి యుద్ధం ఆపేశాడు.

యుద్ధం జరిగినన్నాళ్ళూ జనం ఏమీ అడగలేదు, వాళ్ళకి తీరిక లేదు. ఆగాక అడగడం మొదలుపెట్టారు. గువ్వలమెట్టని ఎవరు తగలబెట్టించారు? పంటకాలువలకి అడ్డంగా మందుపాతరలు ఎవరు పెట్టించారు? గడ్డం కూడా మొలవని పిల్లల్ని సైన్యంలోకి ఎవరు తీసుకెళ్ళారు? ఇన్ని ప్రశ్నలకి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా అని శాసనసభ తీవ్రంగా ఆలోచించింది. సభ్యులు నలభై ఒక్కమందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఆ నలభై ఒక్కమందిలో లేని మనిషి ఒక్కడే కనిపించాడు. రుద్రయ్యని అభిశంసించాలని నిర్ణయమైంది. ఆయన పదవీకాలం ఇంకా పద్దెనిమిది వారాలే ఉంది కాబట్టి పని త్వరగా కావాలన్నారు.

సభానాయకుడు గజపతిరావుగారు సీతాపతిగారిని తన గదికి పిలిపించుకున్నారు. గజపతిరావుగారు మామూలుగా మాట్లాడడం మానేసి చాలా ఏళ్ళయింది.

"సీతాపతిగారూ, అరవై ఒకటో అధికరణాన్ని అనుసరించి, సభ సమ్మతి పొందకుండా అధ్యక్షుడు గావించిన చర్య మాత్రమే అభిశంసనకు అర్హమై ఉన్నది. సభ సమ్మతి పొందిన చర్య, అది ఎంతటి ఘోరమైనప్పటికీ, నేరం కాజాలదు. కావున సమ్మతి లేని ఘోరం ఒకదానిని వెలికితీయు నిమిత్తం అన్వేషణ సంఘం ఏర్పాటు చేయబడినది. తాము అధ్యక్షులు."

"సంఘంలో ఇంకా ఎవరున్నారండీ?"

"తామే."

"నన్నే ఎందుకు?" అని అడిగారు సీతాపతిగారు.

"ఏం దొరికినా మీరు ఎవరికీ చెప్పరు కదండీ" అన్నారు గజపతిరావుగారు, ఒక్క క్షణం మామూలు మనిషి అయిపోయి.

సీతాపతిగారు పొంగిపోయారు. ఇరవై తొమ్మిదేళ్ళలో సభ ఆయనకి అప్పగించిన మొదటి పని అది. ఇంటికొచ్చి భార్య సుభద్రమ్మకి మూడుసార్లు చెప్పారు. ఆవిడ రెండుసార్లు విని, మూడోసారి చెయ్యి అడ్డంపెట్టి, "ఉండండి, వాడు పాడుతున్నాడు" అంది.

పాడుతున్నది వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు మురారి. పంతొమ్మిదో ఏట సైన్యంలోకి వెళ్ళి, యుద్ధం ఆగాక ఇరవై మూడేళ్ళవాడై తిరిగొచ్చాడు. వచ్చిన కొత్తలో మూడు నెలలు గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. అన్నం పెడితే తినేవాడు, లేకపోతే లేదు. తరవాత ఎవరూ చెప్పకుండానే ఒక రోజు రేవుకి వెళ్ళి, నది దాటించే లాంచీకి ఇంజను బాగుచేసి, అక్కడే పనికి కుదిరాడు. ఈ మధ్య దొడ్లో కూర్చుని ఇంజను సామాన్లు తుడుచుకుంటూ కూనిరాగం తీస్తున్నాడు. అది వినపడినప్పుడల్లా సుభద్రమ్మ చేస్తున్న పని ఆపేసి నిలబడిపోతుంది. రాగం బాగుండదు. అయినా ఆవిడకి ఈ లోకంలో అంతకన్నా కావలసింది ఏమీ లేదు.

మర్నాడు పొద్దున్నే సీతాపతిగారు దస్తావేజుల గదికి వెళ్ళారు. కార్యదర్శి మాణిక్యాంబ అప్పటికే కట్టలు దింపించి ఉంచింది.

ఈ సభలో ఒక ఆచారం ఉంది. సమావేశాలు మొదలైన రోజున ప్రతి సభ్యుడూ తెల్లకాగితాల దొంతర ఒకటి ముందు పెట్టుకుని, అన్నిటి మీదా కింద సంతకం చేసి ఇచ్చేస్తాడు. దీన్ని ముందస్తు సమ్మతి అంటారు. తరవాత ప్రభుత్వానికి ఏం కావలసి వస్తే అది పైన రాసుకుంటుంది. దీనివల్ల సభాకాలం వృథా కాదు, సభ్యులు మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళిపోవచ్చు. సీతాపతిగారి సంతకం చాలా అందంగా ఉంటుంది. కింద గీత గీసి, గీత చివర చిన్న మెలిక తిప్పుతారు. ఆ మెలిక కోసం యౌవనంలో బాగా సాధన చేశారు.

"గువ్వలమెట్ట దహనం చూడమ్మా" అన్నారాయన కుర్చీ లాక్కుని.

మాణిక్యాంబ కట్ట విప్పింది. "ఇదుగోనండి. ఏకగ్రీవ సమ్మతి. గువ్వలమెట్ట సభ్యుడిగారి సంతకం కూడా ఉంది."

"మందుపాతరలు?"

"సంతకాలు నలభై ఒకటీ ఉన్నాయండి."

"ఆసుపత్రి మీద బాంబులేశారే?"

"అది పొరపాటున పడిందన్నారు కదండీ. ఆ పొరపాటుకి కూడా ముందే సమ్మతి ఉంది."

పదకొండు రోజులు చదివారు. ప్రతి ఘోరం కిందా నలభై ఒక్క సంతకాలు పద్ధతిగా ఉన్నాయి. మొదట్లో సీతాపతిగారు తన సంతకం కనిపించినప్పుడల్లా ఎంత బాగా కుదిరిందో చూసుకునేవారు. పన్నెండో రోజున పంతొమ్మిదేళ్ళు నిండిన మగపిల్లలందరినీ సైన్యంలోకి తీసుకోవాలన్న ఉత్తర్వు వచ్చింది. దాని కింద కూడా ఆయన సంతకం, గీత, మెలిక ఉన్నాయి. అప్పట్లో ఆ ఉత్తర్వు అన్యాయమని మంత్రికి ఆయన రెండు ఉత్తరాలు రాశారు. మంత్రి జవాబు ఎందుకివ్వలేదో ఇప్పుడర్థమైంది. "నేనెంత చవటనమ్మా" అన్నారు మాణిక్యాంబతో. ఆవిడ మర్యాదస్తురాలు, ఏమీ అనకుండా తరవాతి కట్ట విప్పింది.

అది చివరి కట్ట. అందులో యుద్ధ విరమణ ఉత్తర్వు ఒక్కటే ఉంది. కింద రుద్రయ్య సంతకం తప్ప ఇంకేమీ లేదు.

"సభ సమ్మతి ఏదీ?"

"కాగితాలు అయిపోయాయండి. నాలుగేళ్ళ యుద్ధం కదా, చాలా ఖర్చయ్యాయి. కొత్తవాటి మీద సంతకాలు పెట్టించుకుందామంటే సభ్యులంతా కొండమీద అతిథిగృహంలో దాక్కునున్నారు."

"మరి ఆయనకంత తొందరేం వచ్చింది?"

మాణిక్యాంబ గొంతు తగ్గించింది. "పన్ను నొప్పండి. దేశంలో ఉన్న ఒక్క పళ్ళ డాక్టరూ ఉత్తరపు ఒడ్డున ఉన్నాడు. యుద్ధం ఆపితేగాని దాటడానికి లేదు."

సీతాపతిగారు లేచి నిలబడ్డారు. నేరం దొరికింది. నాలుగేళ్ళలో రుద్రయ్య సభని అడక్కుండా చేసిన పని ఒక్కటే, యుద్ధం ఆపడం. ఆ సంతోషంలో ఆయన నివేదిక తనే స్వయంగా రాశారు. 'సభ సమ్మతి లేని కారణాన సదరు యుద్ధ విరమణ ఆదినుంచీ చెల్లదు; సదరు తేదీ నుంచి సైనికులందరూ విధులకు గైర్హాజరైనట్టే' అన్న వాక్యం దగ్గర కలం ఆపి, మళ్ళీ చదువుకుని ముచ్చటపడ్డారు. భోజనాల దగ్గర సుభద్రమ్మకి వినిపించారు. మురారి అప్పుడు రేవులో ఉన్నాడు.

సభలో నివేదిక చదవగానే బల్లలు మోగాయి. గజపతిరావుగారు లేచి, "ఏకపక్షంగా, అహంకారపూరితంగా, సభా గౌరవానికి భంగకరంగా నెలకొల్పబడిన శాంతి ఇది" అన్నారు. పన్ను నొప్పి సంగతి తెలిశాక సభకి కోపం ఇంకా పెరిగింది. నొప్పి లేని అధ్యక్షుడైతే యుద్ధం నడిపించి ఉండేవాడు కదా అని ఒక సభ్యుడు కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

న్యాయ సలహాదారు పరాంకుశంగారు బక్కపలచటి మనిషి. ఏ విషయాన్నైనా చివరిదాకా తీసుకెళ్ళి అక్కడ వదిలేసి రావడం ఆయన వృత్తి.

"విరమణ చెల్లనప్పుడు యుద్ధం ఆగలేదని భావించవలసి ఉంటుంది" అన్నారాయన. "అనగా గత ఎనిమిది మాసాలుగా యుద్ధం జరుగుతూనే ఉన్నది. హాజరైనవారు లేరు, అంతే. కావున సైనికులను వెనుకకు పిలవాలి. మార్చుకున్న ఖైదీలను తిరిగి వారి వారి పూర్వపు ఖైదులకు అప్పగించాలి. తిరిగి కట్టిన వంతెనను, అది కూలి ఉన్న స్థితికి పునరుద్ధరించాలి."

"ఈ ఎనిమిది నెలల్లో రెండు ఒడ్ల మధ్యా జరిగిన పెళ్ళిళ్ళ మాటేమిటి?" అని ఒకరడిగారు.

"శత్రువుతో సంపర్కం. అయినప్పటికీ సానుభూతితో పరిశీలించవచ్చును."

"పోనీ, ఇప్పుడు మనమే శాంతికి సమ్మతి ఇచ్చేస్తే?" అని వెనకనుంచి ఒక గొంతు నెమ్మదిగా అడిగింది.

"తప్పక ఇవ్వవచ్చును. వచ్చే సమావేశాల్లో. ఈ సమావేశాల కార్యక్రమ పట్టికలో శాంతి లేదు."

యుద్ధం కాబట్టి అవతలివాళ్ళకి తెలియజేయడం మర్యాద. ఉత్తరతీరం సభకి ఉత్తరం రాశారు. వారం తిరక్కుండా జవాబొచ్చింది. తమ సభ కూడా అదే ఆచారాన్ని పాటిస్తున్నదనీ, విరమణకి ఒప్పుకున్నందుకు తమ అధ్యక్షుడిపై కూడా అభిశంసన నడుస్తున్నదనీ, ఈ విషయంలో ఉభయ సభల మధ్యా ఇంతటి ఏకాభిప్రాయం కుదరడం చరిత్రలో ఇదే ప్రథమమనీ అభినందించారు. యుద్ధం మాత్రం పిల్లల పరీక్షలయ్యాక పెట్టుకుంటే తమకి వీలుగా ఉంటుందన్నారు. సభ అందుకు పెద్దమనసుతో ఒప్పుకుంది.

ఓటింగుకి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం సీతాపతిగారు ఇంటికొచ్చేసరికి సుభద్రమ్మ వాకిట్లో నిలబడి ఉంది. చేతిలో కాగితం ఉంది.

"ఏవండీ, ఇది చదవండి."

సైన్యం నుంచి వచ్చిన తాఖీదు అది. అభిశంసన నెగ్గిన మూడోరోజుకల్లా తాటిపర్తి మురారి తన దళంలో హాజరు కావాలి. సదరు తేదీ నుంచి విధులకు గైర్హాజరైనట్టే అయినందున జాప్యం చేస్తే కఠిన చర్య తీసుకోబడుతుంది.

"ఈ గైర్హాజరు మాట నేనెక్కడో విన్నాను. ఆ రోజు పప్పుచారు వడ్డిస్తుంటే చదివారే, అదేనా?"

సీతాపతిగారు తల దించుకున్నారు. దేశంలో సైనికులందరూ అని రాస్తున్నప్పుడు ఆ అందరిలో తన కొడుకు ఉన్నాడన్న సంగతి ఆయనకి నిజంగానే తట్టలేదు. రోజూ రెండుపూటలా ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న కొడుకు. ఆ నిమిషంలో ఆయన తన బుర్రని తిట్టుకున్న తిట్లు పగవాణ్ణి కూడా ఎన్నడూ తిట్టలేదు.

"వాడికి తెలుసా?"

"వాడికే ఇచ్చి వెళ్ళారు. చదివి నా చేతిలో పెట్టి రేవుకెళ్ళిపోయాడు. ఏమన్నాడో తెలుసా? లాంచీకి ఇంకో మనిషిని చూసుకోమని చెప్పాలన్నాడు." ఆవిడ తాఖీదు ఆయన చేతిలోంచి తీసుకుని అంది, "ఇరవై తొమ్మిదేళ్ళ నించీ మీరా సభలో ఏమీ చెయ్యలేదు. నేనొక్కనాడు అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను. ఏదో ఒకటి చెయ్యండి."

రెండు రోజులు సీతాపతిగారు ఉపన్యాసం తయారు చేసుకున్నారు. అద్దం ముందు చెప్పుకున్నారు, మిట్టమధ్యాహ్నం దొడ్లో బీరపాదుకి చెప్పారు. నాలిక మడతపడే చోట్లన్నీ మార్చి రాసుకున్నారు.

ఓటింగు రోజున రుద్రయ్య బోనులో కూర్చున్నాడు, నోట్లో కొత్త పన్ను మెరుస్తోంది. చెప్పుకునేదేమైనా ఉందా అని సభాపతి అడిగారు. "ఏముందండీ. అడిగితే మీరు వద్దనేవారు కాదు. కాకపోతే అడగడానికి ఎవరూ కనపడలేదు" అన్నాడాయన. మంచివాడేం కాదు రుద్రయ్య. గువ్వలమెట్ట కాగితం మీద పైన రాసింది ఆయనే. కాని ఆ రోజున దాని గురించి ఎవరూ అడగలేదు, అడగడానికి నియమాలు ఒప్పుకోవు.

అభిశంసన నెగ్గాలంటే మొత్తం సభ్యుల్లో ముప్పావువంతు చేతులెత్తాలి. నలభై ఒక్కరికి లెక్క ముప్పై ఒకటి. సభాపతి చేతులెత్తమనబోతుండగా సీతాపతిగారు లేచి నిలబడ్డారు. సభ అంతా ఆయనవైపు తిరిగింది. కిటికీ గురించేమో అనుకున్నారు.

"అధ్యక్షా, ఆ నివేదిక నేనే రాశాను. వెనక్కి తీసుకుంటున్నాను" అన్నారు.

"నివేదిక సభకి చెందిన ఆస్తి. తీసుకోవాలంటే దాని స్థానంలో మరొక నేరం చూపాలి" అన్నారు సభాపతి.

"చూపిస్తాను. గువ్వలమెట్ట కింద నా సంతకం ఉంది. ఆసుపత్రి కింద ఉంది. నా కొడుకుని పంతొమ్మిదో ఏట యుద్ధానికి పంపిన కాగితం కింద కూడా నా సంతకమే ఉంది. చదవకుండా చేశాను. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోవాలని చేశాను. రుద్రయ్య చేసిన తప్పులన్నీ మనం చెయ్యమన్నవే. మనం చెయ్యమనకుండా ఆయన చేసింది ఒక్కటే మంచి పని, అదీ పన్ను నొప్పి వల్ల. దోషి కావాలంటే నేనున్నాను, నన్ను అభిశంసించండి. ఆ పిల్లల్ని మాత్రం మళ్ళీ పిలవకండి."

ఎక్కడా మాట తడబడలేదు. ఆయన కూర్చున్నారు. ఇన్నేళ్ళకి మనిషిలా ఒక పని చేశానన్న తృప్తి కలిగింది.

పరాంకుశంగారు నియమావళి తిరగేసి లేచారు. "నూట నాలుగో నియమం. సభ సమ్మతించిన చర్యలో తన దోషమున్నదని అంగీకరించిన సభ్యుని సభ్యత్వం తక్షణమే రద్దగును. ఈ నియమం నేటివరకు వినియోగానికి రాలేదు."

అలాంటి నియమం ఒకటుందని సభాపతికి కూడా తెలియదు. ఆయన విచారంగా తలాడించారు. బంట్రోతు వచ్చి సీతాపతిగారిని చెయ్యి పట్టుకుని మర్యాదగా బయటికి తీసుకెళ్ళాడు. వెనక తలుపు మూసుకుంది.

అరగంట తరవాత మాణిక్యాంబ వసారాలోకి వచ్చింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నెగ్గిందండి. ముప్పై చేతులు లేచాయి."

"ముప్పై ఒకటి కావాలి కదమ్మా?"

"నలభై ఒక్కమందికైతే ముప్పై ఒకటండి. మీరు పోయాక నలభయ్యే కదా. ముప్పై సరిపోయింది."

సీతాపతిగారికి వెంటనే బుర్రకెక్కలేదు. "మిగతా పదిమందీ ఎవరు?"

"సైన్యంలో పిల్లలున్నవాళ్ళేనండి. ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకోలేదట. చెయ్యెత్తకూడదని ఎవరికి వాళ్ళే అనుకుని వచ్చి, తల వంచుకుని కూర్చున్నారు." ఆవిడ తప్పదన్నట్టు అంది, "మీరూ ఎప్పట్లాగే ఊరికే కూర్చుని ఉంటే వీగిపోయేదండి."

ఇరవై తొమ్మిదేళ్ళలో మౌనంగా కూర్చోవడం వల్ల ప్రయోజనమున్న రోజు ఒకే ఒక్కటి వచ్చింది. సరిగ్గా ఆ రోజున ఆయన మాట్లాడారు. సీతాపతిగారికి నవ్వొచ్చింది, నవ్వుతూనే మెట్లమీద కూలబడిపోయి ఏడ్చారు.

మూడోరోజు పొద్దున మురారి బయల్దేరాడు. సుభద్రమ్మ పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టింది. సీతాపతిగారు గుమ్మం దగ్గర నిలబడి, దాచి లాభం లేదని జరిగిందంతా చెప్పారు. నివేదిక రాసింది తనేననీ, ఆపబోయి నెగ్గించిందీ తనేననీ.

"సభలో ఏమన్నారు నాన్నా?" అని అడిగాడు మురారి.

"ఇప్పుడెందుకురా అది?"

"చెప్పండి."

ఆయన చెప్పారు. దొడ్లో బీరపాదుకి చెప్పుకున్నదే, సభలో చెప్పిందే, మొదటినించీ చివరిదాకా. మురారి మధ్యలో అడ్డు రాకుండా మొత్తం విన్నాడు.

"బాగుంది నాన్నా" అన్నాడు. వీధివైపు చూస్తూ, కోపం లేకుండా అన్నాడు, "పోయినసారి నేను వెళ్ళేటప్పుడు అని ఉంటే బాగుండేది."

సైన్యం లారీలు ఆగే చోటుదాకా సంచీ తను మోస్తానన్నారు సీతాపతిగారు. మురారి ఇచ్చాడు.